ఒక విమానము దిగి మరియొక విమానమెక్కుట

గరివిడి స్టేషనులో రైలెక్కి, విజయనగరములో దిగి, పార్వతీపురము మీదుగా రాయపూరు పోవు బండి నందుకొన్న వారికి బండి మారుట యన నేమో మేము చెప్పనక్కరలేదు. మూట భుజమున వేసికొని, వంతెన మెట్లెక్కి దిగి, అవతలి ప్లాట్‌ఫారము చేరినచో పని ముగిసినట్లే. అంతయు ఒకే కప్పు క్రింద, ఒకే యాజమాన్యమున జరుగును. బండి ఆలస్యమైనచో టీకొట్టు ప్రక్కనే యున్నది. మన ఇండ్లలోని పెద్దలు విమానము మారుట కూడ ఇట్టిదే యని తలచుట సహజము. చిక్కులకు మొదలు ఆ తలంపే.

ఒకప్పుడు మాంగనీసు గనులకును, ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారమునకును పరప్రాంతములవారు పని వెదకికొని వచ్చిన ఊరు గరివిడి. నేడు ఈ ప్రాంతపు బిడ్డలు గల్ఫు దేశములకు, అమెరికాకు పని వెదకికొని పోవుచున్నారు. వారి వెనుక, పురుడు పోయుటకని తల్లులును, మనుమని చూచుటకని తండ్రులును బయలుదేరుచున్నారు. అట్టి తల్లి నొకామెను మనము ఊహించుకొందము. వయస్సు అరువది దాటినది. తెలుగు తప్ప వేరు భాష రాదు. అమెరికాలోని కుమార్తెకు నెలలు నిండినవి. అల్లుడు అక్కడినుండియే టిక్కెట్లు కొని పంపినాడు: విశాఖపట్టణమునుండి ఢిల్లీకి ఒక కంపెనీ విమానము, ఢిల్లీనుండి అమెరికాకు వేరొక కంపెనీ విమానము. విడివిడిగా కొన్నచో కొన్ని వేల రూపాయలు కలిసివచ్చినవి. రెంటి నడుమ రెండు గంటల వ్యవధి యున్నది. చాలదా యని అల్లుని ప్రశ్న.

లెక్క చూతము. విదేశముల కేగు విమానమునకు సామాను తీసికొని బోర్డింగ్ పాసు ఇచ్చు కౌంటరును సాధారణముగా విమానము కదలుటకు ఒక గంట ముందే మూసివేయుదురు. కనుక ఆ రెండు గంటలలో చివరి గంట ఈ తల్లిది కానే కాదు. ఆమెకు మిగిలినది మొదటి గంటయే. విశాఖ విమానము నలువది నిమిషములు ఆలస్యముగ దిగినదనుకొనుడు. ఇక ఇరువది నిమిషములు. విమానము దిగి, బస్సులో లోనికి వచ్చి, తిరుగు పట్టీయొద్ద తన పెట్టెకై నిలుచుండుటకే ఆ ఇరువది నిమిషములు చాలవు. ఆమె పెట్టె చేతికి రాకముందే అవతలి కౌంటరు మూతపడినది. ఇందులో ఆమె చేసిన తప్పేమియు లేదు.

నలువది నిమిషముల ఆలస్యము ఎందుకు వచ్చునని శ్రోతలు అడుగవచ్చును. ఒక విమానము రోజుకు ఒక్క ప్రయాణమే చేయదు. ఉదయము ఢిల్లీలో బయలుదేరి, రెండు మూడు నగరములు తిరిగి, సాయంకాలమునకు మన విశాఖ చేరును. డిసెంబరు, జనవరి మాసములలో ఉత్తరాదిన ప్రొద్దుట మంచు క్రమ్మినచో ఆ ఆలస్యము ఊరూరా పేరుకొనుచు వచ్చి, మబ్బు తునక యైనను లేని విశాఖలో సాయంకాలము మన మీద పడును. విశాఖకు మరియొక ప్రత్యేకత కలదు. అచ్చటి రన్‌వే నౌకాదళమువారిది. పౌర విమానములు వారు ఒప్పుకొనిన వేళలలో వచ్చిపోవలసియుండును. 2023 నవంబరు నుండి కొన్ని మాసములపాటు రన్‌వే పైపూత పనులకై రాత్రి రాకపోకలు నిలిపివేయబడినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్ కప్పును చీల్చివేసినప్పుడు విమానములు కొన్ని దినములు పూర్తిగా నిలిచిపోయిన సంగతి ఈ జిల్లాలవారు మరచియుండరు.

ఇక రెండవ చిక్కు టెర్మినళ్ల మార్పు. విమానాశ్రయమును పెంచవలెనన్నచో మూసివేసి కట్టుటకు వీలు లేదు. కాపురమున్న ఇంటికి మరమ్మతు చేసినట్లు, ఈ గదిలోని వారిని ఆ గదిలోనికి, ఆ గదిలోని వారిని వసారాలోనికి మార్చుచు కట్టుదురు. ప్రయాణికుడు నిన్న తెలిసికొన్న త్రోవ నేడు త్రోవ కాకపోవచ్చును. మన హైదరాబాదునే చూడుడు. శంషాబాదు విమానాశ్రయము 2008లో ప్రారంభమైనప్పుడు స్వదేశ, విదేశ ప్రయాణములు రెండును ఒకే కప్పు క్రింద నుండెను. విస్తరణ పనులు సాగుచుండగా 2018 అక్టోబరులో విదేశములకు బయలుదేరువారికై వేరొక తాత్కాలిక టెర్మినల్ ఏర్పరచిరి. 2022 నవంబరు చివరనుగాని ఆ ప్రయాణములు తిరిగి ప్రధాన టెర్మినల్ చేరలేదు. విశాఖనుండి వచ్చి ప్రధాన టెర్మినల్‌లో దిగినవారు, గల్ఫు విమానమునకై నడుమ సంవత్సరములలో బయటకు వచ్చి వేరొక భవనమునకు పోవలసివచ్చెను. మునుపు వచ్చి పోయినవారే ఎక్కువ తికమకపడుదురు. క్రొత్తవాడు అడిగి పోవును, తెలిసినవాడు అడుగడు.

ఢిల్లీలో మూడు టెర్మినళ్లు కలవు. విదేశ విమానములు మూడవదానినుండి పోవును. రెండవది దానికి నడచిపోదగినంత దగ్గర. మొదటిది కొన్ని కిలోమీటర్ల దూరము. రోడ్డు మీద బస్సులోనో టాక్సీలోనో పోవలెను. 2024 జూన్ 28న తెల్లవారుజామున పెద్ద వానకు మొదటి టెర్మినల్ ముంగిటి పైకప్పు కూలి ఒకరు మరణించిరి. నాటినుండి అచ్చటి విమానములను రెండవ, మూడవ టెర్మినళ్లకు మార్చిరి. 2025 ఏప్రిలు 15న మొదటి టెర్మినల్ తిరిగి పూర్తిగా పనిలోనికి వచ్చినది. అదే దినమున 1986 నాటి రెండవ టెర్మినల్ మరమ్మతులకై మూతపడి, ఆ అక్టోబరులో మరల తెరువబడినది. ఆరు నెలల ముందు టిక్కెట్టు కొన్నవానికి ఈ మార్పులలో ఏది తగులునో కొన్ననాడు ఎవ్వరును చెప్పజాలరు. ముంబయిలో రెండు టెర్మినళ్లకును రన్‌వేలు ఒకటియే యైనను, ఒకదానినుండి రెండవదానికి పోవుటకు నగరపు రద్దీలో కొన్ని కిలోమీటర్లు చుట్టి పోవలెను. మేమొకమారు ఒక నగరమున, దాని పేరు చెప్పము, బాణపు గుర్తు చూపిన త్రోవనే పోయి పోయి, చివరకొక రేకుల తడికను చేరితిమి. త్రోవ మార్చినవారు గుర్తు మార్చుట మరచిరట.

కనుక టిక్కెట్టు కొనునాడు అడుగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు. రెండు విమానములును ఒకే టిక్కెట్టు మీద నున్నవా యనునది మొదటి ప్రశ్న. ఒకే టిక్కెట్టైనచో, కంపెనీలు వేరైనను, బయలుదేరిన ఊరినుండి చేరవలసిన ఊరివరకు అది ఒకే ఒప్పందముగ లెక్క. 1999లో మాంట్రియల్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఈ సంగతి చెప్పుచున్నది. 2009 నుండి మన దేశము దానిలో భాగస్వామి. మొదటి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినచో తరువాతి విమానములో చోటు చూపు భారము కంపెనీలది. విడి టిక్కెట్లైనచో రెండవ కంపెనీ దృష్టిలో ఈ తల్లి వేళకు రాని ప్రయాణికురాలు, అంతే. ఆ ధర పోవును. తిరుగు ప్రయాణము కూడ ఆ టిక్కెట్టులోనే యున్నచో అదియు రద్దగుట కద్దు. అల్లుడు మిగిల్చిన కొన్ని వేలకు బదులు ఎన్ని రెట్లు పెట్టవలసివచ్చునో ఊహింపవచ్చును. కూతురి పురుటివేళకు తల్లి ఢిల్లీలో కుర్చీమీద కూర్చుండియుండుటకు ధర కట్టుట ఎట్లు?

ఒకే టిక్కెట్టని ఏజెంటు చెప్పినను, విశాఖ కౌంటరునొద్ద పెట్టెకు కట్టు కాగితపు పట్టీని చూడవలెను. దానిమీద పెద్ద అక్షరములలో మూడక్షరముల గుర్తు ఉండును. అది చేరవలసిన ఊరి గుర్తైనచో పెట్టె అంతవరకు పోవును. ఢిల్లీ గుర్తు మాత్రమే యున్నచో ఢిల్లీలో దానిని తీసికొనవలెను. చదువ రాకున్నను, కౌంటరులోని యువకుని, "బాబూ, పెట్టె ఎక్కడివరకు?" అని అడుగుట కష్టము కాదు. అమెరికాలో మాత్రము మొదట దిగిన ఊరిలోనే ఎవరి పెట్టె వారు తీసికొని కస్టమ్సు దాటవలెను. విదేశమునుండి తిరిగి వచ్చునప్పుడు మన దేశములో కూడ సాధారణముగా ఇదే పద్ధతి. విశాఖవరకు పట్టీ కట్టియున్నను ఢిల్లీలోనో హైదరాబాదులోనో పెట్టె నడిగి తీసికొని, మరల అప్పగింపవలెను.

విడి టిక్కెట్లు తప్పనిసరియైనచో, మా అభిప్రాయమున ఢిల్లీలో ఆరు గంటల వ్యవధికి తగ్గరాదు. మంచు మాసములలోనైనచో ముందునాడే చేరుట మేలు. ఇది విని అల్లుళ్లు నవ్వవచ్చును, నవ్వనిండు. టెర్మినల్ సంఖ్యను టిక్కెట్టు కొన్ననాడు కాక, బయలుదేరు ముందురోజు విమాన కంపెనీనుండి మరల తెలిసికొనవలెను. రెండవ ప్రయాణపు టిక్కెట్టు కాగితము మీద అచ్చువేసి చేతినుంచుకొనవలెను. అవతలి టెర్మినల్ వాకిట కాపలావారు టిక్కెట్టును, గుర్తింపు పత్రమును చూడక లోనికి విడువరు. ఆ సమయమున సెల్‌ఫోను చార్జి అయిపోయినచో ఆమె బయటనే నిలిచిపోవును. నడువలేనివారికి చక్రముల కుర్చీయు, తోడు మనిషియు కావలెనని ముందుగనే కంపెనీవారికి తెలుపవచ్చును. భాష రాని పెద్దలకు ఆ తోడు మనిషి వలన కలుగు మేలు కుర్చీ వలన కలుగు మేలుకంటె ఎక్కువ.

స్వదేశములో ప్రయాణకాలము రెండున్నర గంటలలోపు గల విమానము రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైనచో వేళను బట్టి భోజనమో ఫలహారమో కంపెనీ ఈయవలెనని పౌర విమానయాన శాఖ నియమము కలదు. అడుగక ఇచ్చువారు కొందరు, అడిగిన పిమ్మట ఇచ్చువారు కొందరు.

టెర్మినల్ మారుటయే కాదు, విమానాశ్రయమే మారు కాలము మన ప్రాంతపు వంతుకు వచ్చినది. భోగాపురమున అల్లూరి సీతారామరాజు పేరిట తలపెట్టిన అంతర్జాతీయ విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. తొలి దశలో ఏటా 60 లక్షల ప్రయాణికులకు చాలునట్లు రూపొందించిరి. గరివిడివారికి విశాఖకంటె అది దగ్గర. కాని ఇట్టి మార్పు వేళ ఏమి జరుగునో హైదరాబాదువారు 2008 మార్చిలో చూచిరి. ఆ మార్చి 23న బేగంపేటనుండి ప్రయాణికుల విమానములన్నియు శంషాబాదునకు మారినవి. టిక్కెట్టు మీద మాత్రము మునుపటివలెనే హైదరాబాదని యుండెను. ఊరి పేరు మారదు, దిగు చోటు మారును. భోగాపురము మార్పునకు ముందే కొనిన టిక్కెట్టు చేత నుంచుకొని, మార్పు తరువాత బయలుదేరువారు ఆ కాగితముమీది ఊరిపేరును నమ్మి కూర్చుండరాదు. చీపురుపల్లిలోనో గరివిడిలోనో కారు మాటాడుకొనునప్పుడే ఏ విమానాశ్రయమునకో డ్రైవరుకు పేరు పెట్టి చెప్పవలెను. అతనికి అలవాటైన త్రోవ విశాఖ త్రోవ.