దూడ కడుపులోని ఏలికపాములు: గుర్తించు విధము

కృష్ణాడెల్టా రైతునకు వరి పంటకాలమున ధాన్యము నిచ్చును. గేదె దినదినమును పాలిచ్చును. దూడ చచ్చినచో పెక్కు గేదెలు చేపవు. నాలుగేండ్లకు పాడికి రావలసిన పడ్డయు పోవును. చిన్నదూడలను హరించువానిలో ఏలికపాము ముఖ్యమైనది. శాస్త్రజ్ఞులు దీనిని టాక్సోకారా విటులోరమ్ అందురు.

పెరిగిన పాము తెల్లగా, నున్నగా, 30 సెంటీమీటర్ల వఱకు, అనగా ఇంచుమించు అడుగు పొడవుండును. ఇది పేడలో పడినప్పుడు ఎవరైనను గుర్తింపగలరు. కాని అప్పటికే దూడ చిక్కియుండును. దీని పిల్లపురుగు ఇంచుమించు 1 మిల్లీమీటరు మాత్రమే. పాలలో నున్నను కంటికి ఆనదు.

ఆ పురుగు దూడకు తల్లిపాలనుండియే వచ్చును. పేడ కలసిన మేతతోను నీటితోను గ్రుడ్లు గేదె కడుపు చేరును. వానినుండి వెడలిన పిల్లపురుగులు కార్జము, ఊపిరితిత్తులు మొదలగు చోట్ల దాగియుండి, ఈనిక సమీపింపగా పొదుగు చేరును. ఈనిన మొదటివారపు పాలలో ఇవి మెండు. తల్లిప్రేగులలో పెద్దపాములు సాధారణముగా నుండవు. కావున తల్లిపేడలో గ్రుడ్లు కానరాలేదని నిశ్చింతగా నుండరాదు.

అట్లని ముఱ్ఱుపాలు మాన్పుట కూడదు. రోగములనెదుర్కొను శక్తి దూడకు వానివలననే కలుగును. పురుగుభయము మందుతో తీరును. ముఱ్ఱుపాల లోటు మరి తీరదు.

బంకమన్ను రంగున దుర్గంధముతో పారుట, కడుపు బానవలె నుబ్బుట, వెండ్రుకలు గఱుకుదేలుట దీని చిహ్నములు. ఇతర రోగములందును పారుడు కలదు గనుక, పేడను పశువైద్యునిచే సూక్ష్మదర్శినితో పరీక్షింపజేయవలెను. ఏలికపాము గ్రుడ్డు గుండ్రముగా, దళసరి పెంకుతో, పైని చిన్నచిన్న గుంటలతో కనబడును. అయితే దూడకు మూడువారములు నిండువఱకు పేడలో గ్రుడ్లు సామాన్యముగా కానరావు. అందుచేత 10 మొదలు 16 దినముల వయస్సునందే పైరాంటెల్ వంటి మందును, దూడ తూకమును బట్టి, వైద్యుని యాజ్ఞ ప్రకారము పట్టించుట మేలు. ఇట్లు చేసినచో పాములు పెరిగి గ్రుడ్లు పెట్టకమునుపే నశించును.

దూడపేడను మేతకును నీటితొట్టికిని దూరముగా కుప్పవేసి మాగనీయవలెను. కొట్టము తడియారునట్లు చూడవలెను. విజయవాడ ప్రాంతీయులకు 1998లో స్థాపితమైన పశువైద్య కళాశాల గన్నవరమున కలదు. గ్రామములకు పశువైద్యశాలలు కలవు.

సోదర కర్షకులారా! గేదె ఈనిన తేదీని గోడపై వ్రాసియుంచుడు. పాలకేంద్రమున ప్రతి సంఘమును ఈనిన గేదెల పట్టీ నుంచి, పదియవ దినమున రైతునకు జ్ఞాపకము చేసినచో, పెక్కు దూడలు బ్రతుకును.