ఇద్దరు దోస్తులు, ఒక బిల్లు: హోటల్ భోజనానికి ఎంత కట్టాలి?

కల్లూరులో శుక్రవారం మధ్యాహ్నం. జుమా నమాజు చదువుకుని ఒక దోస్తు, అంగడికి తాళం వేసి ఇంకో దోస్తు, ఇద్దరూ ఒకే బండి మీద బిర్యానీకి బయలుదేరారనుకుందాం. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. బడి నాటి స్నేహం. తిన్నంతసేపూ మాటలే. బిల్లు వచ్చేసరికి రెండు చేతులూ ఒకేసారి జేబులోకి పోతాయి. "ఉండప్పా, నేనిస్తా." "పోయినసారి నువ్వే ఇచ్చినావు కదరా." ఈ తోపులాటలో బిల్లు చదివేది ఎవరూ ఉండరు.

ఇలా ఒకే బల్ల మీద కూర్చోవడం ఇప్పుడు మామూలే. తాతల కాలంలో రైల్వే స్టేషన్లలో హిందువులకు నీళ్లు వేరు, ముస్లింలకు నీళ్లు వేరు. కులం చూసి భోజనం పెట్టిన హోటళ్లూ ఉండేవి. అందుకే రాజ్యాంగం 15వ అధికరణ రెండో క్లాజులో హోటళ్లు, రెస్టారెంట్ల పేరు ఎత్తి మరీ రాశారు. మతం, కులం, జాతి, లింగం, పుట్టిన ఊరు చూసి ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఆపకూడదు.

హలాల్ సంగతి ముందే తేల్చుకోవాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల 14 అంకెల లైసెన్సు నెంబరు గోడ మీద కనిపిస్తే మాంసం హలాల్ అని చాలామంది అనుకుంటారు. అది ఆహార భద్రతకు సంబంధించిన లైసెన్సు, అంతే. హలాల్ సర్టిఫికెట్లు ఇచ్చేవి వేరే సంస్థలు. చిన్న హోటళ్లలో అలాంటి కాగితం ఉండకపోవచ్చు, అడిగి తెలుసుకోవడమే దారి. అవతలి దోస్తు శుక్రవారం మాంసం ముట్టడేమో, అదీ అడగాలి. హోటల్‌ దాకా పోయాక తెలిస్తే ఇద్దరికీ ఇబ్బందే.

ఇక బిల్లు. ఇద్దరూ తిన్నది 600 రూపాయలు అయిందనుకుందాం. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్‌టీ 5 శాతం, ఏసీ ఉన్నా లేకున్నా అంతే. 2017 నవంబర్ 15 నుంచి ఇదే రేటు. అంతకు ముందు నాన్ ఏసీకి 12, ఏసీకి 18 ఉండేది. ఆ 5 శాతాన్ని సీజీఎస్‌టీ 2.5, ఎస్‌జీఎస్‌టీ 2.5 అని రెండు ముక్కలు చేసి చూపిస్తారు. చూసేవాళ్లకు రెండు పన్నులు వేసినట్టు అనిపిస్తుంది గానీ మొత్తం 30 రూపాయలే. బిల్లు 630, తలా 315.

అయితే అన్ని హోటళ్లూ ఆ 30 తీసుకోవడానికి లేదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని హోటల్‌కు జీఎస్‌టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. రిజిస్టర్ కానప్పుడు పన్ను వసూలు చేసే హక్కూ లేదు. కోటిన్నర దాకా టర్నోవర్ ఉన్నవాళ్లు కాంపోజిషన్ స్కీంలో చేరొచ్చు. వాళ్లు 5 శాతం తమ జేబు నుంచే కట్టాలి, గిరాకీ దగ్గర విడిగా తీసుకోకూడదు. కాంపోజిషన్ అన్న మాట బిల్లు పైన రాయాలి, బోర్డు మీదా పెట్టాలి. కాబట్టి జీఎస్‌టీ వేసిన బిల్లు మీద 15 అక్షరాల జీఎస్‌టీ నెంబరు ఉందా చూడాలి. ఆంధ్రప్రదేశ్ నెంబరైతే 37తో మొదలవుతుంది, 36తో మొదలైతే అది తెలంగాణది.

అసలు గొడవ సర్వీస్ ఛార్జీ దగ్గర. ఇది ప్రభుత్వ పన్ను కాదు, హోటల్ వాళ్లు వేసుకునేది. 600 మీద 10 శాతం వేస్తే 660. దాని మీద మళ్లీ 5 శాతం జీఎస్‌టీ 33. మొత్తం 693. అంటే 63 రూపాయలు ఎక్కువ. దీన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. తీసేయమని అడగొచ్చు. వినకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. సర్వర్‌కు ఇష్టంగా ఇచ్చే టిప్పు వేరే లెక్క, అది నేరుగా అతని చేతికే పోతుంది.

నీళ్ల బాటిల్ విషయంలో మాత్రం చట్టం హోటల్ వైపే ఉంది. కూర్చోబెట్టి వడ్డించే చోట ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో చెప్పింది. బాటిల్ వద్దనుకుంటే మామూలు నీళ్లు తెమ్మంటే సరి.

ఎవరు కట్టాలన్నది చట్టం చెప్పదు. దావత్ అని పిలిచినవాడే కట్టడం మన దస్తర్‌ఖాన్ మర్యాద. మామూలు రోజుల్లో సగం సగం ఫోన్‌లో పంపుకోవడం తప్పేం కాదు. చిక్కు ఎక్కడంటే, ఇద్దరిలో ఒకరికి ఆ నెల పని సరిగా దొరకనప్పుడు. "ఆకలిగా లేదు, నువ్వు తిను" అంటూ టీ మాత్రమే చెబుతాడు. అప్పుడు ఫ్యామిలీ ప్యాక్ చెప్పి బలవంతం చేయడం కంటే, ఒక బిర్యానీ తెప్పించి రెండు ప్లేట్లు అడగడం మేలు. చేయి కడుక్కునే నెపంతో లేచి కౌంటర్ దగ్గర ముందే కట్టేసే దోస్తులూ ఉన్నారు. ఆ తొందరలో కూడా బిల్లు తీసుకుని జేబులో పెట్టుకోవాలి. పిలిచినవాడు సర్వీస్ ఛార్జీ తీసేయమని అడగడానికి మొహమాటపడతాడు, దోస్తు ముందు పిసినారిగా కనబడతానేమోనని. ఆ మాట తినడానికి వచ్చినవాడు అంటే పని సులువుగా అవుతుంది.