ఆశల జాబితా, గాయాల జాబితా

రాజధానిలో రాజకీయం తప్ప మరో ఆట లేదని భావించేవారు ఒక సాయంత్రం ఢిల్లీ గేటు సమీపంలోని అంబేద్కర్ స్టేడియం మెట్ల మీద కూర్చుని చూడాలి. ప్రక్కనే ఫిరోజ్‌షా కోట్లా క్రికెట్ మైదానం. అక్కడ పెద్ద పోటీ జరిగిననాడు దారులన్నీ స్తంభించిపోతాయి. ఇక్కడ ఫుట్‌బాల్ జరిగితే ఆటగాళ్ళ బంధుమిత్రులు, పాత అభిమానులు, కొందరు విద్యార్థులు తప్ప ఎవరూ కనిపించరు. అయినా ఆ కొద్దిమంది సంభాషణ వింటే, మంత్రివర్గ విస్తరణకు ముందు మా పాత్రికేయ మిత్రులు చెప్పుకునే ఊహాగానాలే గుర్తుకు వస్తాయి. ఎవరి మోకాలు దెబ్బతిన్నది? ఎవరు కోలుకున్నారు? ఖాళీ అయిన చోటు ఏ కుర్రవాడికి దక్కుతుంది?

నాకు ఈ మెట్లను పరిచయం చేసినవారు సికింద్రాబాదు నుంచి కేంద్ర ప్రభుత్వోద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన ఒక పెద్దమనిషి. హైదరాబాదు పోలీసు జట్టు పేరు ఎత్తితే చాలు, ఆయన వయస్సు అరవై ఏళ్ళు తగ్గిపోతుంది. 1950లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచిన కథను ఆయన తన తండ్రిగారి నోట విన్నారు. ఆ డ్యూరాండ్ కూడా 2019లో ఢిల్లీని వదలి కలకత్తాకు తరలిపోయింది. "కప్పు పోయింది గాని అలవాటు పోలేదు బాబూ. ఆశపడడానికి టిక్కెట్టు కొననక్కరలేదు కదా!" అంటారాయన.

ఆ ఆశ ఎంత పెళుసుదో 2023 శరదృతువులో చూశాను. సెప్టెంబరులో, లీగు ప్రారంభానికి కొద్ది రోజుల ముందు, థాయిలాండ్‌లోని కింగ్స్ కప్ పోటీలలో ఆషిక్ కురుణియన్ మోకాలిలోని కీలకమైన లిగమెంట్ తెగింది. ఒక్క ఆటైనా మొదలు కాకుండానే మోహన్ బగాన్ అతనిని ఆ సీజనంతటికీ కోల్పోయింది. తరువాత కేరళ బ్లాస్టర్స్‌కు ఆడుతున్న జీక్సన్ సింగ్ భుజానికి, మోహన్ బగాన్ రక్షకుడు అన్వర్ అలీ చీలమండకు గాయాలయ్యాయి. బెంగాలీల చిత్తరంజన్ పార్కులోను, మలయాళీల మయూర్ విహార్‌లోను ఆ రోజుల్లో వైద్యశాస్త్ర పాండిత్యం విపరీతంగా పెరిగిపోయింది. చేపల దుకాణం ముందు నిలబడి శస్త్రచికిత్సకు, కోలుకోవడానికి పట్టే నెలలను వ్రేళ్ళ మీద లెక్కించేవారు. జనవరికి ఒక్కరైనా లేచి నిలబడతారేమోనని ఆరాటం.

జనవరికి ఎవరూ లేచి నిలబడలేదు. 2024 జనవరిలో కతార్‌లో జరిగిన ఆసియా కప్‌కు ముగ్గురూ దూరమయ్యారు. మన జట్టు ఆస్ట్రేలియా చేతిలో 0–2, ఉజ్బెకిస్తాన్ చేతిలో 0–3, సిరియా చేతిలో 0–1 తేడాతో ఓడి, ఒక్క గోలైనా చేయకుండా తిరిగి వచ్చింది. ముగ్గురు ఉన్నంత మాత్రాన గెలిచేవాళ్ళమని నేను అనను. కానీ అభిమానికి ఆ ఊరట మిగిలింది. గాయం అభిమానికి దుఃఖమే కాదు, సాకు కూడా.

ఇక్కడ నన్ను ఆలోచనలో పడవేసిన విషయం వేరొకటి ఉంది. ఆ జాబితాలోని జీక్సన్, అన్వర్ ఎవరు? 2017 అక్టోబరు 9వ తేదీ రాత్రి నేను జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఉన్నాను. పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ కప్ మన దేశంలో జరుగుతున్నది. ప్రత్యర్థి కొలంబియా. 82వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఒక మణిపురి కుర్రవాడు తలతో గోలులోకి పంపాడు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పోటీలలో ఏ వయోవర్గంలోనైనా భారతదేశం చేసిన మొట్టమొదటి గోలు అది. పరిచయం లేనివారు ఒకరినొకరు కౌగలించుకున్నారు. ఆ ఆనందం పూర్తిగా ఒక్క నిమిషమైనా నిలవలేదు. కొలంబియా వెంటనే రెండో గోలు చేసి గెలిచింది. అయినా ఓటమి చూసి వెడుతున్న ముఖాలలో విచారం లేదు. పెద్దలు దేశాన్ని ఎక్కడికీ తీసుకువెళ్ళకపోయినా ఈ పిల్లలు తీసుకువెడతారన్న ధీమా కనిపించింది. ఆ గోలు చేసిన కుర్రవాడే జీక్సన్. అదే జట్టులో వెనుక వరుసకు అండగా నిలిచినవాడు అన్వర్.

అంటే 2017లో మనం వ్రాసుకున్న ఆశల జాబితా, 2023లో మనం చదువుకున్న గాయాల జాబితా చాలావరకు ఒకటే. నడుమ ఆరేళ్ళలో ఏం జరిగిందన్నది ఎవరూ అడగలేదు.

అన్వర్ కథ మరీ విచిత్రమైనది. 2019లో అతని గుండె కండరంలో లోపం ఉన్నదని వైద్యులు కనుగొన్నారు. ఆడితే ప్రాణాపాయమన్నారు. అప్పటికతనికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆడవద్దన్న ఫుట్‌బాల్ సమాఖ్యది ఒక విధంగా బాధ్యతాయుతమైన భయమే. ఆడతానన్న కుర్రవాడిది కూటి సమస్య. 2020లో అతను ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాడు. ఈ నగరంలో కోర్టుకెక్కని వివాదం లేదు గాని, ఆడుకోనివ్వమని ఒక యువకుడు న్యాయస్థానాన్ని వేడుకోవడం అరుదు. 2021లో అతను మైదానానికి తిరిగి వచ్చాడు. 2022 జూన్‌లో కలకత్తాలో హాంకాంగ్‌తో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీలో, ఆట మొదలైన రెండో నిమిషంలోనే గోలు చేశాడు. ఆ దారి పట్టుకునే జట్టు కతార్ వెళ్ళింది. దారి తెరచినవాడు మాత్రం గాయంతో ఇంట్లో ఉండిపోయాడు.

గాయాన్ని వీరగాథగా మార్చుకోవడం మనకు పాత అలవాటు. 1962 జకార్తా ఆసియా క్రీడలలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మన హైదరాబాదు కోచ్ రహీం సాబ్ అతనిని రక్షణ పంక్తి నుంచి తప్పించి ముందు వరుసలో ఆడించారు. ఫైనల్లో అతను గోలు చేయగా దక్షిణ కొరియాపై 2–1తో స్వర్ణం దక్కింది. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీం మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఆ జట్టులోని సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం అనారోగ్యం వల్ల 27వ ఏటనే ఆట విరమించవలసి వచ్చింది. స్వర్ణాన్ని ఏటా తలచుకుంటాము. ఆ స్వర్ణానికి శరీరాలు చెల్లించిన మూల్యాన్ని తలచుకోము.

తలకు కట్టు కట్టుకుని ఆడడం ధైర్యమే. కానీ ధైర్యం ఒక వ్యవస్థ కాజాలదు. లిగమెంట్ తెగితే కోలుకోవడానికి దాదాపు తొమ్మిది నెలలు పడుతుంది. తొందరపడి దింపితే, ముఖ్యంగా చిన్న వయస్సులో, మళ్ళీ తెగే ప్రమాదం హెచ్చు. ఏడాదంతా క్రమంగా పోటీలు, సీజనుకు ముందు కొన్ని వారాల సన్నాహం, జట్టు వెంట నిపుణుడైన ఫిజియో ఉండడం విలాసాలు కావు. అవి ఆటలో భాగం. 2017 బాలుర కోసం నడిపిన ఇండియన్ యారోస్ జట్టును 2022లో మూసివేశారు. 2025 జులైలో లీగు నిర్వాహకులకు, సమాఖ్యకు మధ్య ఒప్పందం తేలక సీజనే నిలిచిపోయింది. 2026 ఫిబ్రవరి వరకు లీగులో బంతి కదలలేదు. గాయపడినవాడికి చికిత్స దొరుకుతుంది. ఆటే లేక తుప్పు పట్టినవాడికి ఏం చికిత్స?

ఫలితం కళ్ళ ముందే కనిపించింది. సికింద్రాబాదులో జన్మించి, ఢిల్లీ సిటీ క్లబ్బులో ఆడి పైకి వచ్చిన సునీల్ ఛెత్రి 2024 జూన్‌లో జాతీయ జట్టు నుంచి విరమించుకున్నాడు. 2025 మార్చిలో నలభై ఏళ్ళ వయస్సులో అతనినే మళ్ళీ పిలిచారు. అది అతనికి గౌరవం. మనకు మాత్రం అభిశంసన. ఆ అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1–2 తేడాతో ఓడి 2027 ఆసియా కప్ అర్హతను పోగొట్టుకున్నాము.

అయినా నవంబరు 30న అహ్మదాబాదు నుంచి మరో వార్త వచ్చింది. పదిహేడేళ్ళలోపు బాలురు ఇరాన్‌ను 2–1తో ఓడించి ఆసియా పోటీకి అర్హత సంపాదించారు. మా సికింద్రాబాదు పెద్దమనిషి ఆ రాత్రే టెలిఫోన్ చేశారు. "చూశారా బాబూ? ఈ పిల్లలు తప్పక..." అని మొదలుపెట్టి, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత తనకే స్ఫురించినట్లు, నవ్వి ఊరుకున్నారు. కొంత సేపటికి, "ఈసారైనా వీళ్ళను జాగ్రత్తగా చూసుకుంటారంటారా?" అని అడిగారు.

నా వద్ద జవాబు లేదు. జవాబు చెప్పవలసినవారు ద్వారకాలోని ఫుట్‌బాల్ భవనంలోను, క్రీడా మంత్రిత్వ శాఖలోను ఉన్నారు. ఆ రోజు గోళ్ళు చేసిన పిల్లల పేర్లు నాకు తెలుసు. ఈ వారం మాత్రం వాటిని వ్రాయడం లేదు. 2017లో పేర్లు వ్రాసి, వాటి మీద దేశం బరువునంతా మోపిన పాత్రికేయులలో నేనూ ఒకడిని. వీరి పేర్లు మరో ఆరేళ్ళకు, పెద్దల జట్టులో, రెండు కాళ్ళ మీద నిలబడి ఉండగా వ్రాయవలసి వస్తే అంతకు మించిన సంతోషం లేదు.