నక్షత్రపు గుర్తు, రైతు పట్టా

మర్కూకు చెంత కొండపోచమ్మ సాగరపు కట్టపై నిలిచి చూచువారికి, 15 టి.ఎం.సి.ల నీటిని నిలుపగల ఆ జలాశయము కన్నులపండువుగా తోచును. 2020వ సంవత్సరము మే నెలలో గోదావరి జలము లిచటికి చేరినవి. బోరుబావులను నమ్ముకొని బ్రదికిన ఈ మెట్టసీమకు అది సామాన్యమైన భాగ్యము కాదు. అయినను ఆ కట్టమీద నాతో నడచిన యొక వృద్ధ కృషీవలుడు నీటివంక వేలు చూపి, "అగో, ఆ నడిమిట్ల మా బాయి ఉండె సారూ, మూడెకరాల పది గుంటల పట్టా" అని, ప్లాస్టిక్ సంచిలో మడిచి దాచిన పాత పాసుపుస్తకమును వెలికిదీసి, చెమటకు అంచులు నలిగిన ఆ పుటలను మెల్లగా విప్పినపుడు, 1959లో జనించి 1974లో అంతరించిన స్వతంత్ర పక్షము నాకు జ్ఞప్తికి వచ్చినది. రైతుకును రాజ్యమునకును నడుమ భూమిపై తుది మాట యెవరిది అను ప్రశ్నను తన ప్రాణముగా భావించిన పక్షము అది.

ఉదారవాద పక్షమనగానే చదువరులకు ఇంగ్లండు తలపునకు వచ్చుట సహజము. 1859 జూన్ 6న లండను నగరమున విగ్గులును, పీలు అనుయాయులును, రాడికలులును ఒకచోట చేరి లిబరల్ పక్షమునకు పునాది వేసిరి. దాదాపు దినము తప్పకుండ నూరేండ్లకు, 1959 జూన్ 4న, మద్రాసులో స్వతంత్ర పక్షము ప్రకటింపబడెను. ఈ తిథిసామ్యము యాదృచ్ఛికమే కాని, రెంటికిని గల భేదము మాత్రము ఆలోచింపదగినది. ఇంగ్లండు లిబరలులు నగరముల వర్తకులకు స్వేచ్ఛావాణిజ్యమును కోరినవారు. 1909 నాటి బడ్జెటులో లాయిడ్ జార్జి భూస్వాములపై పన్నులు వేయబూనెను. మనవారో, నాగలి పట్టువాని చేనినుండియే తమ స్వాతంత్ర్యవాదమును ప్రారంభించిరి.

దానికి హేతువు నాగపూరు తీర్మానము. 1959 జనవరిలో కాంగ్రెసు మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయమును దేశమునకు ఆదర్శముగా ప్రకటింపగా, తాతముత్తాతల నాటినుండి దున్నుకొనుచున్న చేను రేపు తనదగునా కాదా యను భీతి రైతుల హృదయములలో ప్రవేశించినది. ఎనుబదియేండ్ల రాజాజీ "పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్య"మని ప్రభుత్వమును నిరసించుచు ముందునకు రాగా, మినూ మసానీ, కె.ఎం. మున్షీ మున్నగువారు ఆయనతో చేయి కలిపిరి. అయితే అధ్యక్షపీఠమున కూర్చున్నది మన నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆచార్య గోగినేని రంగనాయకులు. ఆంధ్రదేశ మంతయు ఎన్.జి. రంగాగా నెరిగినవాడు.

రంగా ఆక్స్‌ఫర్డులో చదివివచ్చి, రైతుల నడుమ జీవితము గడపిన మనుజుడు. 1951లో కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించెను. మరుసటి యేట ఉమ్మడి మద్రాసు శాసనసభలో ఆ పార్టీకి 15 స్థానములు లభించినవి. పిదప కాంగ్రెసులో మరల చేరి, నాగపూరు తీర్మానముతో మరల వెలికి వచ్చెను. ఇట్టి రాకపోకలను అస్థిరత్వమని కొందరు నిందించిరి. స్వయముగా సాగుచేసికొను రైతునకు తన చేనుమీద హక్కుండవలెనను నమ్మకమును మాత్రము ఆయన ఏనాడును మార్చుకొనలేదని నేను తలంతును.

నక్షత్రపు గుర్తుతో స్వతంత్ర పక్షము 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానములను, 1967లో 29 స్థానములను గెలిచినది. లోక్‌సభలో 1967 నాటికి 44 మంది సభ్యులుండిరి. జమీందారుల పక్షమని వైరులు వేసిన ముద్ర పూర్తిగా అసత్యము కాదు. సంస్థానాధీశులును, ధనికులును అందు చేరిరి. కాని శ్రీకాకుళపు సముద్రతీరమున బారువ గ్రామములో గీతవృత్తి కుటుంబమున పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న ఆ పక్షమునకు మూలస్తంభమై నిలిచినాడన్న సంగతిని ఆ ముద్ర మరుగుపరచరాదు.

మర్కూకువంటి తెలంగాణ పల్లెలలో ఆ నక్షత్రము కాంతివంతము కాకపోవుటకు కారణము లేకపోలేదు. సర్కారు జిల్లాల రైతువారీ గ్రామములలోని రైతు తరతరములుగా పట్టా ననుభవించినవాడు. ఉన్నది పోవునేమో యని ఆతని భయము. ఇచటివాడు జాగీర్దారుల, దేశ్‌ముఖుల యెదుట వెట్టి చేసినవాడు. లేనిది చేతికి రావలెనని ఆతని ఆశ. 1949లో జాగీరులు రద్దయి, 1950 నాటి కౌలుదారీ చట్టముతో రక్షిత కౌలుదారు అను మాట పహాణీ కెక్కినప్పుడే యీ సీమలో అనేకులకు మొదటిసారి నేల తమదైనది. అట్టివానికి ప్రభుత్వమును తగ్గింపుడను బోధ ఎట్లు రుచించును?

ఆ పక్షము తీవ్రముగా పోరాడినది 1964 నాటి పదునేడవ రాజ్యాంగ సవరణ పైన. ఆ సవరణ "ఎస్టేటు" అను పదమునకు అర్థమును విస్తరించి, రైతువారీ భూములనుగూడ దానిలోనికి తెచ్చినది; 44 చట్టములను తొమ్మిదవ షెడ్యూలులో చేర్చినది. రైతు చిన్నకమతమును జమీందారీతో సమానముగా చూచుట అన్యాయమని రంగా వాదించెను. సవరణ నెగ్గినది, కాని దానిలోనే యొక నియమము చేరినది: గరిష్ఠ పరిమితికి లోబడి రైతు స్వయముగా సాగుచేసికొనుచున్న భూమిని రాజ్యము తీసికొనినచో, విపణిధరకు తగ్గని పరిహారము చెల్లింపవలెను. 31ఎ అధికరణములో అది నేటికిని నిలిచియున్నది.

1971 లోక్‌సభ ఎన్నికలలో పక్షము ఎనిమిది స్థానములకు కృశించినది. 1974లో చరణ్‌సింగు నాయకత్వమున ఏర్పడిన భారతీయ లోక్‌దళములో అది కలిసిపోయినది. రంగా తిరిగి కాంగ్రెసున చేరి, 1995లో తనువు చాలించెను. 1978 నాటి నలుబదినాలుగవ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగి, 300ఎ అధికరణములో సామాన్యమైన చట్టబద్ధ హక్కుగా మిగిలినది.

ఈ సంగతులన్నియు కట్టమీద కూర్చుండి ఆ వృద్ధునితో చెప్పితిని. ఆతడు శ్రద్ధగా విని, "మార్కెట్ రేటంటె ఏ యేడు రేటు సారూ? భూమి తీసుకున్న యేడుదా, పైసలిచ్చిన యేడుదా?" అని అడిగి, పాసుపుస్తకమును మడతలు చెడకుండ సంచిలో పెట్టుకొనెను.