అమెరికా వారి బార్బెక్యూ సాసు – కోడి వంటకములు

విరటుని కొలువున వలలుడను పేర వంటవాడై నిలిచిన భీమసేనుని ఎఱుగని తెలుగు గృహిణి యుండదు. మాంసము వండువారికి మసాలా కంటె ముందు నిప్పు తెలియవలెనని ఆ కథ చెప్పునప్పుడెల్ల మా తండ్రిగారు అనుచుండెడివారు. అమెరికాలో కాపురముండు తెలుగు సోదరీమణులు తమ పెరటి పొయ్యి మీద కాల్చు కోడిని గుఱించి వ్రాయబూనగా మాకు ఆ మాటయే తోచినది.

బార్బెక్యూ యను పదము స్పానిషువారి బర్బకోవా నుండి వచ్చినది. కరీబియను ద్వీపములలోని టైనో జాతివారు కొయ్యలతో మంచె వంటిది కట్టి, దానిపై మాంసముంచి, క్రింద నిప్పు పెట్టెడివారు. ఆ మంచె పేరే వంటకు నిలిచినది. నేడు అమెరికాలో సీమకొక సాసు. ఉత్తర కరోలినా తూర్పు భాగమువారికి వినెగరు, మిరప, ఉప్పు చాలును. టొమాటో వారికి గిట్టదు. దక్షిణ కరోలినాలో ఆవపిండి సాసు ప్రసిద్ధము. అలబామాలోని డెకేటరు పట్టణమున 1925లో కొట్టు పెట్టిన బాబ్ గిబ్సన్, కాల్చిన కోడిని మయొనేజు, వినెగరు కలిపిన తెల్లని సాసులో ముంచి వడ్డించెను. కాన్సాస్ సిటీ వారిది టొమాటో, మొలాసిస్ చేరిన చిక్కని తీపి సాసు. దుకాణపు సీసాలలో హెచ్చుగా నుండునది ఈ జాతిదే.

పరదేశపు రుచియని వెనుదీయ బనిలేదు. మనము నిత్యము వాడు మిరపయు టొమాటోయు ఆ ఖండము నుండి వచ్చినవే. ఈ సాసులో వేయు వూస్టర్‌షైర్ సాసులో మన చింతపండు కలదు. చేపలును కలవు గనుక శాకాహారులు చీటీ చదివి కొనవలెను.

"అక్కా, రెండు మూడు డాలర్లకు సీసా దొరకుచుండగా ఈ శ్రమ యేల?" అని అక్కడనున్న మా చెల్లెలు అడిగినది. సీసా వెనుక చీటీ చదువుమంటిమి. 2 పెద్ద చెంచాల సాసులో 12 మొదలు 16 గ్రాముల వరకు చక్కెర యున్నవి అనేకములు. మధుమేహము గల అత్తమామలున్న ఇంట ఇది చిన్న సంగతి కాదు. కూరలో తీపి కానరాదు గనుక పెద్దలు మిఠాయి మానియు సాసును మానరు. ఇంట చేసినచో తీపి మన చేతిలో నుండును.

పండిన టొమాటోలు 1 కిలో ఉడికించి, తోలు తీసి, జల్లెడ పట్టి, 2 కప్పుల గుజ్జు మిగులునట్లు మరిగించవలెను. వేఱొక గిన్నెలో కొంచెము నూనె కాచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రేకలు నాలుగు మగ్గనిచ్చి ఆ గుజ్జు పోయవలెను. అందు అర కప్పు వినెగరు, పావు కప్పు మొలాసిస్, 2 పెద్ద చెంచాల పంచదార, 1 పెద్ద చెంచా వూస్టర్‌షైర్ సాసు, ఆవపిండి, కారము, ఉప్పు ఒక్కొక్క చిన్న చెంచా, మిరియాలపొడి అర చెంచా చేర్చి, సన్నని సెగపై అరగంట కలియబెట్టుచు నుండవలెను. మొలాసిస్ అనగా చెఱకురసము నుండి పంచదార తీయగా మిగులు నల్లని పాకము. లేనిచో నల్లబెల్లము చాలును. గరిటె వెనుక పట్టి నిలిచినచో సాసు అయినట్లే. ఇందలి తీపి సీసా సాసులో సుమారు సగము. రోగులకు పంచదార పూర్తిగా మానవచ్చును. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండరాదని మన పెద్దలు చెప్పినది ఇక్కడను వర్తించును. చల్లార్చి గాజు సీసాలో పోసి, రిఫ్రిజిరేటరులో ఉంచి, రెండు వారములలో వాడివేయవలెను.

ఇక నిప్పు సంగతి. మొదటనే సాసు పూసి కోడిని బొగ్గులపై పెట్టినచో పైన మాడి నలుపెక్కును, ఎముక వద్ద పచ్చిగా మిగులును. చక్కెర మాంసము కంటె చాల ముందు మాడును గదా! కావున బొగ్గులను ఒక ప్రక్కకు త్రోసి, ఉప్పు మిరియము పట్టించిన తొడ ముక్కలను రెండవ ప్రక్క నుంచి, మూత వేసి, ముప్పావుగంట కాల్చి, చివరి పది నిముషములలో మాత్రమే సాసు రెండు మూడు పూతలు పూయవలెను. ఓవెనులో నైనను, 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో, క్రమము ఇదియే. ముక్క లోపల ఎముకకు తగులకుండ ఉష్ణమాపకమును గ్రుచ్చి చూడగా 74 డిగ్రీలు ఉండవలెను. రంగు చూచి ఉడికినదనుకొనుట నమ్మదగినది కాదు.

పచ్చి కోడిని తాకిన కుంచెను మరల సాసు గిన్నెలో ముంచరాదు; పూతకు కావలసినంత వేఱు గిన్నెలోనికి తీసికొనవలెను. కోడిని కుళాయి క్రింద కడుగరాదనియు అక్కడి ప్రభుత్వమువారు చెప్పుచున్నారు. పసుపు, ఉప్పు వేసి మూడు నీళ్లు కడుగనిదే పొయ్యి యెక్కింపని మనకు ఇది రుచింపదు. కాని నీటితో క్రిములు చావవు. తుంపరలై ప్రక్కనున్న కూరగాయలపై పడును. వాటిని చంపునది వేడి యొక్కటియే.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి. చలికాలమున కుంపటి చుట్టు కూర్చుండిన అలవాటు మనలో పెద్దలకు కలదు. కిటికీలన్నియు బిగించియుండు ఆ దేశపు ఇండ్లలోనికి, కారు కొట్టములోనికి సైతము, బొగ్గుల పొయ్యిని తేనేరాదు. ఆరుచున్న బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు; తలనొప్పి యని పండుకొన్నవారు మరల లేవకపోవచ్చును. వర్షము వచ్చినచో వంట ఓవెనులో ముగించుకొనవలెను గాని పొయ్యిని లోనికి తేవలదు.

తీపి బొత్తిగా గిట్టనివారికి కార్నెల్ కోడి యున్నది. ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్ట్ బేకరు 1950లో ప్రకటించిన పద్ధతి యిది. ఒక గ్రుడ్డు గిలకొట్టి, 1 కప్పు నూనె, 2 కప్పుల వినెగరు, ఉప్పు, మిరియము, సుగంధపు ఆకుల పొడి చేర్చెదరు. గ్రుడ్డు వలన నూనెయు వినెగరును విడిపోవు. చక్కెర లేనందున దీనిని మొదటి నుండి పూసికొనుచు కాల్చవచ్చును. మా యింట పురుషులకు ఇదియే ప్రీతి.

మిగిలిన కోడిని ఎముకలు తీసి చీల్చి, బార్బెక్యూ సాసుతో బాగుగా వేడిచేసి, రొట్టెల నడుమ పెట్టి ఇచ్చినచో పిల్లలు బడికి సంతోషముగా పట్టుకొనిపోవుదురు. అన్నములో మాత్రము కలుపబోకుడు. అది పులుసు కాదు.