రౌటర్‌కు నది కనిపించదు

కావలిలో ఫోన్ మీద ఓ వెబ్‌సైట్ తెరిచామంటే, మన అభ్యర్థన ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా మారి బయల్దేరుతుంది. ఆ వెబ్‌సైట్ హైదరాబాద్‌లో ఉండవచ్చు, సింగపూర్‌లోనూ ఉండవచ్చు. అక్కడిదాకా మొత్తం దారిని ఏ ఒక్క రౌటరూ నిర్ణయించదు. ప్యాకెట్ మీదున్న గమ్యం ఐపీ అడ్రస్ చూసి, పక్కనున్న ఏ రౌటర్‌కు అందించాలో తేల్చుకోవడమే దాని పని. ఆ పక్క రౌటర్‌నే నెక్స్ట్ హాప్ అంటారు.

ఉదాహరణకు నెల్లూరులోని ఒక రౌటర్ పట్టికలో మూడు వరుసలు ఉన్నాయనుకుందాం. 198.51.0.0/16 అయితే విజయవాడ వైపు, 198.51.100.0/24 అయితే గూడూరు వైపు, మిగతావన్నీ చెన్నై వైపు. 198.51.100.7కు వెళ్లాల్సిన ప్యాకెట్ వచ్చింది. మూడు వరుసలూ దానికి సరిపోతాయి. అయినా గూడూరు వైపే వెళ్తుంది. ఎందుకంటే /16లో 65,536 అడ్రస్‌లుంటే /24లో ఉన్నవి 256 మాత్రమే. ఎంత చిన్న గుంపును చూపిస్తే ఆ వరుసకు అంత విలువ.

ఈ నియమం ఎంత బలమైనదో 2008 ఫిబ్రవరి 24న ప్రపంచం చూసింది. యూట్యూబ్ తన అడ్రస్‌లను /22 అనే పెద్ద గుంపుగా ఇతర నెట్‌వర్క్‌లకు ప్రకటిస్తే, పాకిస్తాన్ టెలికామ్ అందులోని ఒక భాగాన్ని /24గా ప్రకటించింది. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపడానికి చేసిన ఆ పని సరిహద్దు దాటి పాకింది. రౌటర్లు చిన్న గుంపునే నమ్మడంతో సుమారు రెండు గంటలు చాలా దేశాల్లో యూట్యూబ్ అందలేదు.

నెట్‌వర్క్‌ల మధ్య ఇలాంటి ప్రకటనలు మోసే పద్ధతి బీజీపీ. దాని తొలి రూపం 1989లో వచ్చింది. ఒకే గమ్యానికి రెండు దారులుంటే అది కిలోమీటర్లు కొలవదు. ముందు కంపెనీల మధ్య ఒప్పందాలు చూస్తుంది. డబ్బు తెచ్చే ఖాతాదారు వైపు దారి ఉంటే, మామూలుగా దానికే మొదటి చోటు. అక్కడ తేడా లేకపోతే ఎన్ని నెట్‌వర్క్‌లు దాటాలో లెక్కేస్తుంది. ఒక దారి తెగినట్టు తెలిస్తే ఆ వరుస తీసేసి రెండో దారికి మళ్లుతుంది.

రెండో దారి నిజంగా రెండోదేనా? నెల్లూరు తీరానికి ఇదే ముఖ్యమైన ప్రశ్న. మన దేశంలో ఫైబర్‌ను ఎక్కువగా రోడ్లు, రైలు మార్గాల వెంటే వేస్తారు. నెల్లూరు దగ్గర జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ పెన్నా నదిని దాటాలి. 2021 నవంబరు వరదల్లో కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, రహదారి మీదా రాకపోకలు ఆగాయి. ఒక్క ఏరు రెండు మార్గాలనూ ఒకేసారి మూసేసింది.

రెండు కంపెనీల దగ్గర కనెక్షన్ తీసుకున్న ఆసుపత్రి రౌటర్‌లో రెండు నెక్స్ట్ హాప్‌లు కనిపిస్తాయి. ఆ రెండు ఫైబర్లూ ఒకే వంతెన మీదుగా పోతున్నాయన్న సంగతి మాత్రం పట్టికలో ఎక్కడా ఉండదు. అది తెలుసుకోవలసింది మనుషులే. తుపాన్లు, వరదలు ఎరిగిన ఈ తీరంలో ఆసుపత్రి అయినా, ఓడరేవు అయినా, కలెక్టరేట్ అయినా రెండో కనెక్షన్‌కు సంతకం పెట్టే ముందు వేగం, ధరతో పాటు ఒక మ్యాప్ కూడా అడగాలి: మీ ఫైబర్ పెన్నను ఎక్కడ దాటుతోంది?