ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్ మొరాయించిందంటే చాలు, "ఫార్మాట్ కొట్టేయండి" అంటారు. ఏలూరులో కంప్యూటర్ల రిపేరు నా పని. ఆ మాట వినగానే నేను అడిగేది ఒకటే: "మీ ఫైళ్ళు ఎక్కడున్నాయండీ?" ఎక్కువమంది "డెస్క్‌టాప్ మీదే" అంటారు. డెస్క్‌టాప్ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటుంది. ఫార్మాట్ చేస్తే ముందు పోయేది అదే.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. అప్పట్నుంచి విండోస్ మార్చమని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. నిజానికి విండోస్ మళ్ళీ వేయడానికి ఫార్మాట్ తప్పనిసరేం కాదు. సిస్టమ్ ఆన్ అవుతుంటే సెట్టింగ్స్‌లోని రికవరీకి వెళ్ళి, 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకోవచ్చు. ఫొటోలు, డాక్యుమెంట్లు ఉంటాయి. మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. అవి కూడా ఉండాలంటే విండోస్ ఐఎస్‌ఓ ఫైల్ తెరిచి, లోపలున్న సెటప్ నడిపి, ఫైళ్ళూ యాప్‌లూ రెండూ ఉంచమనాలి. నేను ముందు ప్రయత్నించేది ఇదే.

ఏ దారిలో వెళ్ళినా బ్యాకప్ లేకుండా మౌస్ ముట్టుకోను. కైకలూరు వైపు చేపల చెరువుల లెక్కలన్నీ టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి: సీడు, మేత, లీజు, బొచ్చె ఎంత పట్టారు, శీలావతి ఎంత పట్టారు. ఆ డేటా డాక్యుమెంట్స్‌లో ఉండదు. పాత సిస్టమ్‌లలో సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోనే దాక్కుని ఉంటుంది. టాలీ తెరిచి, కంపెనీ ఎంచుకునే చోట కనిపించే పాత్ రాసుకోవాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల కమీషన్ కొట్లలోనూ ఇదే సంగతి.

డీటీపీ వాళ్ళ బాధ ఇంకొకటి. పెళ్ళిపత్రికల పేజ్‌మేకర్ ఫైళ్ళు భద్రంగానే ఉంటాయి గానీ, అను తెలుగు ఫాంట్లు విండోస్‌తోపాటు పోతాయి. ఫైల్ తెరిస్తే వధూవరుల పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. అందుకని ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చేస్తాను.

విండోస్ వేసే పెన్‌డ్రైవ్ వేరు, బ్యాకప్ వేరు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్ పెన్‌డ్రైవ్‌ను మొత్తం తుడిచేశాకే విండోస్ ఎక్కిస్తుంది. దానికి కనీసం 8 జీబీ కావాలి. బ్యాకప్ తీసుకున్న హార్డ్‌డిస్క్‌ను, పని మొదలయ్యే ముందే ఊడదీసి పక్కన పెట్టాలి. ఎందుకంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు వచ్చే తెర మీద సి, డి అని ఉండదు. 'డిస్క్ 0 పార్టిషన్ 3' లాంటి పేర్లే ఉంటాయి, సైజు చూసి పోల్చుకోవాలి. పొరపాటున డి డ్రైవ్ మీద డిలీట్ నొక్కితే చాలా నష్టం. ఫార్మాట్ చేయకుండా పాత విండోస్ ఉన్న పార్టిషన్ మీదే కొత్తది వేస్తే పాతదంతా 'విండోస్.ఓల్డ్' ఫోల్డర్‌లోకి చేరుతుంది. అందులోంచి ఫైళ్ళు ఆరోజే తీసుకోవాలి.

సిస్టమ్ అసలు ఆన్ కాకపోతే ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో, ఇన్‌స్టాల్ చేయకుండానే తెరిచి ఫైళ్ళు కాపీ చేస్తాను. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. సాధారణంగా అది ఓనరు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాబట్టి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ముందే గుర్తు తెచ్చుకోమంటాను.

పనయ్యాక ఓనర్ని పక్కన కూర్చోబెట్టి నిరుటి పట్టుబడి లెక్క తెరవమంటాను. బాకీలు, నిల్వలు సరిపోయాయని ఆయన నోటితో అన్నాకే బిల్లు రాస్తాను. బ్యాకప్ డిస్క్ మాత్రం మరో నెల దాకా తుడవొద్దని చెప్పి పంపుతాను.